సోమ్లీ ఆపిన చోట

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. తొర్రూరు బస్టాండు ముందు వంటావార్పు.

బస్సులు లేవు. నడిరోడ్డు మీదే పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు, అక్కడే పంక్తి భోజనాలు. పక్కనే ఉద్యమ టెంటు.

పల్లవికి పెళ్లయి నెల కాలేదు. తారు రోడ్డు మీద కూర్చున్న ఆమె విస్తట్లో భర్త మహీధర్ తన వంకాయ ముక్క ఏరి వేస్తుంటే, సమ్మె ఇంత బాగుంటుందా అనుకుంది.

తిన్నాక మైకు ఆమెకే ఇచ్చారు, చదువుకున్నదని. పాటలయ్యాయి. ఎవరైనా ఒక కథ చెప్పమని అడిగింది.

వెనక నుంచి ఒక లంబాడీ ఆమె లేచి వచ్చింది. నెల్లికుదురు వైపు తండా అని, పేరు సోమ్లీ అని చెప్పింది.

"పిలగాడు రొట్టె వద్దన్నడు. బువ్వ వండుమన్నడు. వండిన. గిప్పుడే వస్తనని పోయిండు. బువ్వ సల్లారింది. మూత పెట్టిన."

మైకు తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ఏమైందని జనం అడిగారు.

"గంతే," అంది సోమ్లీ.

"గిదేం కథ అవ్వా, సీరియల్ లెక్క ఆపినవ్," అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఆమె చిన్నబోతుందేమోనని పల్లవికి జాలేసింది. కథ తానే అందుకుంది. పొద్దుగూకే వేళకు పిల్లవాడిని ఇంటికి తెచ్చింది. మూత తీయించింది. ఉల్లిగడ్డ నంజుకుంటూ గిన్నె ఖాళీ చేయించింది. రేపు కూడా బువ్వే వండమని వాడితో అనిపించింది.

చప్పట్లు, ఈలలు. మహీధర్ మొహం చూసి పల్లవి పొంగిపోయింది.

సోమ్లీ దగ్గరికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తిన్నడా బిడ్డా?"

"తిన్నడవ్వా. కడుపునిండ."

"నిజంగనా?"

"నాకెర్క గదా," అని నవ్వింది పల్లవి.

సోమ్లీ వెంటనే ఇంటికి బయలుదేరింది. భోజనం చేసి పొమ్మన్నా ఆగలేదు.

పొద్దు వాలుతుండగా, సోమ్లీని ఇంటి దగ్గర దింపి వచ్చిన ఆటో బలరాం టెంటు ముందు దిగాడు. అతనిదీ అదే తండా. మైకులో ఆమెకు ఏం చెప్పారని అడిగాడు. పల్లవి సంబరంగా అంతా చెప్పింది.

అతను తల దించుకుని విన్నాడు. ఏడాది పాటు ఆమె రోజూ వండి, మూత పెట్టి, వాకిట్లో కూర్చునేదట. తండా అంతా బతిమాలితే ఈ మధ్యనే మానిందట.

"గా మూత కాడ ఆపుడు గిప్పుడిప్పుడే నేర్సుకున్నది అక్కా. ఇయ్యాల మల్ల పొయ్యి అంటువెట్టింది. పిలగాడు తిన్నడంట, రేపు గూడ వండుమన్నడంట."

పల్లవి అతని దగ్గరికి జరిగింది.

"పిలగాడు ఏడున్నడన్నా?"

బలరాం టెంటులో వరసగా పెట్టిన అమరుల ఫొటోల దగ్గరికి నడిచి, ఒక కుర్రవాడి పటం మీద పక్కకు జారిన దండను సరిచేశాడు.