వీపు మీద బరువు

ఆ ముసలాయన ట్రక్కు వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, టైరును అరచేత్తో తడుముతున్నాడు.

పక్కనే డీజిల్ పోసుకుంటున్న ర్యాండాల్ కీటింగ్‌కి ఒళ్ళు మండింది.

“ఏమయ్యా, ఏం పారేసుకున్నావక్కడ?”

“టైరు చూడు బాబూ. పొట్ట ఉబ్బిపోయింది.”

ముసలాయన చొక్కా గొర్రెల కంపు కొడుతోంది. ర్యాండాల్ ముక్కు చిట్లించాడు.

ట్రక్కు కొత్తది. దాని తొట్టిలో కూర్చోబెట్టిన క్యాంపర్ ఇంకా కొత్తది. మంచం, పొయ్యి, స్నానాల గది, అన్నీ ఉన్న బుల్లి ఇల్లు. నీళ్ళ ట్యాంకు అంచుదాకా నింపాడు. పైన జనరేటరు కట్టాడు. వెనక కొక్కేనికి చక్రాల బండి మీదున్న పడవ తగిలించాడు. భార్య లోర్నాతో కలిసి కొండ అవతల సరస్సుకి మొదటి ప్రయాణం.

“ఈ బండి ఎంత లాగుతుందో తెలుసా నీకు?” అన్నాడు ర్యాండాల్. “షోరూములో చెప్పారు. చర్చిని కట్టినా లాక్కుపోతుందట.”

“లాగడం వేరు, మోయడం వేరు. గుర్రం లాగే బండిని తీసుకొచ్చి గుర్రం వీపు మీద పెడతామా? ఎంత మోయగలదో డ్రైవరు తలుపు అంచున చీటీ అంటించే ఉంటుంది. ఎప్పుడైనా చదివావా?”

“నా బండి, నా తలుపు. మధ్యలో నీకేం నొప్పి?”

“ఆ పడవ ముక్కు బరువు కూడా నీ ట్రక్కు మీదే పడుతోంది. ఎండ చూశావుగా. ఘాట్ రోడ్డు ఎక్కితే ఆ టైరు నిలవదు.”

లోర్నా కిటికీలోంచి తల బయటపెట్టింది.

“పోనీ నీళ్ళు ఒంపేద్దామా ర్యాండీ? అక్కడ పట్టుకోవచ్చుగా.”

“అడవిలో కుళాయి ఎవడు పెట్టించాడు, మీ నాన్నా?”

పక్క బండివాళ్ళు నవ్వారు. దాంతో ర్యాండాల్‌కి ఊపొచ్చింది.

“ఈ ఊళ్ళో జనానికి బండి కొనే స్తోమత ఉండదు గానీ, సలహాలకి కొదవలేదు!”

ముసలాయన నవ్వలేదు. కదల్లేదు కూడా.

ర్యాండాల్ ఐసు కొనుక్కుని తిరిగొచ్చేసరికి, ట్రక్కుకే వదిలేసిన తాళం ముసలాయన గుప్పిట్లో ఉంది.

“నీళ్ళు ఒంపు. పడవ మా దొడ్లో వదిలి వెళ్ళు, ఎవరూ ముట్టుకోరు. తాళం ఇచ్చేస్తాను.”

“దొంగముండాకొడకా!”

ర్యాండాల్ ఫోన్ తీశాడు.

పోలీసు డిప్యూటీ వచ్చాడు. ముసలాయన్ని చూడగానే తల పట్టుకున్నాడు.

“మళ్ళీ మొదలెట్టావా ఓరిన్?”

“నన్ను తర్వాత తిడుదువుగాని. ముందు ఆ టైరు చూడు.”

డిప్యూటీ వంగి చూశాడు. తాళం తీసుకుని ర్యాండాల్ చేతిలో పెట్టాడు.

“తాళం వచ్చేసిందిగా సార్, ఇంతటితో వదిలేద్దాం. టైరు సంగతి మాత్రం కాస్త ఆలోచించండి.”

“వదిలేయడమా? పట్టపగలు నా తాళం కాజేశాడు. కేసు పెడుతున్నాను.”

“కేసంటే ఈయన్ని జిల్లా కేంద్రానికి తీసుకెళ్ళాలి. సాయంత్రందాకా రాలేడు. పండగ రద్దీ రోజు, ఈయన ఊళ్ళో లేకపోతే...”

“దొంగ ఊళ్ళో లేకపోతే ఊరికే మంచిది!”

“మీకు తెలీదు సార్, ఈయన...”

“వీడి జాతకం నాకక్కర్లేదు. తీసుకెళ్తావా, నీ పైవాడితో మాట్లాడమంటావా?”

డిప్యూటీ వెనక్కి తిరిగాడు. కారు వెనక తలుపు తెరిచాడు.

ముసలాయన ఎదురు చెప్పకుండా వెళ్ళి కూర్చున్నాడు. కారు కదులుతుంటే లోర్నా వైపు చూసి, “బెల్టు పెట్టుకో తల్లీ” అన్నాడు.

“పాపం, పెద్దవాడు ర్యాండీ. ఎందుకంత పట్టుదల?”

“ఇలాంటివాళ్ళకి ఒకసారి బుద్ధి చెప్పాలి. లేకపోతే నెత్తికెక్కుతారు.”

ట్రక్కు ఘాట్ రోడ్డు ఎక్కింది.

కొన్ని మలుపులే తిరిగారు. వెనక ఢామ్మని పేలింది. క్యాంపర్ ఒక పక్కకి ఒరిగి, ట్రక్కును కూడా తనతో లాక్కుపోయి కొండరాయికేసి కొట్టింది.

రాయి తగిలింది లోర్నా వైపు.

ర్యాండాల్ నుదురు చిట్లింది, అంతే. లోర్నా తొడలోంచి రక్తం ఉబికి వస్తోంది. ఆమెను బయటికి లాగి, నడుము బెల్టు తీసి తొడకి బిగించాడు. చేతకాలేదు. వేళ్ళ సందుల్లోంచి కారుతూనే ఉంది.

వెనక కారులో వస్తున్న ఆవిడ ఆగి ఫోన్ చేసింది. “వస్తున్నారట” అంది.

పగిలిన ట్యాంకు నీళ్ళు రోడ్డు మీదుగా పల్లానికి పారుతున్నాయి. ఆ పల్లంలోనే ఊరు. డీజిల్ పోసుకున్న చోటి ఎర్ర రేకుల కప్పు కూడా కనిపిస్తోంది.

“ఊరు ఇక్కడే ఉందిగా ర్యాండీ” అంది లోర్నా. “ఇంకా రారేం?”

“వచ్చేస్తున్నారు. కళ్ళు మూయకు. నన్ను చూడు.”

ఆమె చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ చూపులో అతను లేడు.

అంబులెన్స్ ఊరి వైపు నుంచి రాలేదు. కొండ అవతల నుంచి, చాలా ఆలస్యంగా వచ్చింది. అందులోంచి దిగిన నర్సు లోర్నా మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, మెల్లగా దుప్పటి కప్పింది.

“రక్తం ఆగాల్సింది సార్. ఇంకొంచెం ముందుగా తెలిసినవాళ్ళెవరైనా చేయి వేసి ఉంటే దక్కేది.”

“ఊరు అదిగో!” ర్యాండాల్ అరిచాడు. “కళ్ళెదురుగా ఉంది! అంత ఊళ్ళో ఒక్క అంబులెన్స్ లేదా? ఎవడూ లేడా?”

నర్సు చేతి తొడుగులు తీసేసింది.

“ఊరి అంబులెన్స్ షెడ్డులోనే ఉంది సార్, కానీ ఈ లోయంతటికీ పైసా తీసుకోకుండా దాన్ని నడిపేదీ, రక్తం ఆపేదీ ఓరిన్ తాత ఒక్కడే, ఆయన్నేమో ఎవరో దారినపోయేవాడు మధ్యాహ్నం అరెస్టు చేయించాడట.”