మూడో పాదంలో పట్టు

"ఇంకోసారి వేస్తాను. తొందరేం లేదు తల్లీ," అంటూ పోలీసు డిప్యూటీ గార్లండ్ టేపు వెనక్కి తిప్పాడు.

వెర్లీన్ గిటారు ఒళ్లోకి సర్దుకుంది. అరచేతులు చెమటకు జారిపోతున్నాయి. గౌనుకు తుడుచుకుంది. మళ్లీ చెమట.

వంటింటి బల్ల మీద టేపు గరగరలాడింది. మాట లేదు, పాడే గొంతు లేదు. గిటారు ఒక్కటే. ఈ కొండల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన పాటే. వద్దన్న పిల్ల గుమ్మం ముందు తెల్లవార్లూ నిలబడ్డ మగాడి పాట. ఆఖరున మాత్రం ఒక గుసగుస.

"కిటికీ గడియ పెట్టావా, టీచరమ్మా?"

టీచరమ్మ అంటే ఒడెస్సా ప్రుయిట్. ఏటి ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. వెర్లీన్ బడి మానేసిన రోజున ఇంటిదాకా వచ్చి, "మానకే పిల్లా" అని బతిమాలింది ఊరు మొత్తం మీద ఆవిడొక్కతే. మూడు వారాలుగా ఆవిడ ఫోను పక్కన సందేశాలు పట్టే పెట్టెలో ఈ పాటే పడుతోంది. మొన్న ఎవరో కిటికీ జాలీ కోసేశారు.

"గుసగుసకి ఆనవాలుండదు," అన్నాడు గార్లండ్. "వాయించే చేతికి ఉంటుందట కదా. మూడో పాదంలో ఏదో తేడా ఉంది, వెర్లీన్‌ చెవికి వినిపించండి అని టీచరమ్మ ఒకటే పోరు."

అది నిజమే. అందరూ వాయించేది ఆ నాలుగు స్వరాల కూర్పులే, కార్డ్సే అయినా, వేళ్లు తీగల మీద కూర్చునే పట్టు ఎవరిది వాళ్లదే. నడకను బట్టి మనిషిని పోల్చినట్టు, పట్టును బట్టి చేతిని పోల్చేస్తారు ఇక్కడివాళ్లు.

ఉయ్యాల్లో పాప టెస్సి గుక్కపట్టింది. వెర్లీన్ లేవబోయింది.

"నువ్వు కూర్చో," గార్లండ్ అప్పటికే పాపను భుజానికెత్తుకున్నాడు. "నలుగురు మనవల్ని మోసిన భుజం ఇది. ఏమే బుజ్జిముండా, మీ అమ్మని పని చేసుకోనివ్వవా? మీ నాన్న పోలికే, గోల గోల!"

పాప టక్కున ఊరుకుంది.

వెర్లీన్ తీగలు మీటింది. మొదటి పాదం తేలికే. జి కార్డ్. రెండోది సి మీదికెక్కి దిగింది. మూడో పాదంలో, అందరూ డి పట్టే చోట, ఆ చెయ్యి ఇంకేదో పట్టింది. అడుగున లావు తీగ మూలిగింది. పైన సన్న తీగ తెగిపోబోయే దారంలా వేలాడింది.

డి పట్టింది. కాదు. ఎ మైనర్. కాదు. బి మైనర్ పట్టబోతే వేలు జారి తీగ కీచుమంది.

"అబ్బే, పిల్లి తోక తొక్కావు," అన్నాడు గార్లండ్. "నేను నయం. రేడియో చెవి తిప్పడం తప్ప నాకేదీ రాదు. మా ఆవిడ నన్ను ఈల కూడా వెయ్యనివ్వదు."

వెర్లీన్ నవ్వబోయింది. తల వంచుకుని తీగ బిగించింది.

మొగుడు డోయల్ కలప లారీ మీద వెళ్లి నాలుగు రోజులు. శనివారం దాకా రాడు. దగ్గరి ఇల్లంటే మైలు నడవాలి. ఫలానావాడని పేరు బయటపెడితే, వాడు ముందుగా తొక్కేది ఈ గుమ్మమే.

"రంపపు మిల్లులో బాయ్‌డ్ లేడూ, వాడేమో అని నా అనుమానం," అన్నాడు గార్లండ్. "వాడిది వంకర చెయ్యి కదా?"

"బాయ్‌డ్ కాదండీ." నోరు జారినట్టు ఆగిపోయింది. "అంటే... చెప్పలేనండీ."

"ఈ టేపు సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"మంచి పని చేశావు. వాడి చెవిన పడితే నీకే ముప్పు."

టేపు ఏడోసారి తిరిగింది. గార్లండ్ పాప వీపు మీద మెల్లగా తడుతూ నిలబడ్డాడు. నడుముకున్న తుపాకీ ఒరను పాప కాలు తన్నుతోంది. వెర్లీన్ కళ్లు ఆ కాలి మీదే ఉన్నాయి.

"మామూలు డి పట్టేనండీ," అంది చివరికి. "టేపు సాగి అలా మూలుగుతోంది. ఈ లోయలో ఎవరైనా వాయిస్తారు."

గార్లండ్ ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏదీ, టేపుతో పాటు వాయించు."

వాయించింది. మూడో పాదంలో మామూలు డి పట్టే పట్టి దాటేసింది.

"అచ్చం అదే!" అన్నాడు. "పాపం టీచరమ్మ. లేనిపోని ఆశ పెట్టుకుంది."

"పాపని ఇవ్వండి. పాలవేళయింది."

అతను పాపతోనే వరండాలోకి నడిచాడు. రోడ్డు అటూ ఇటూ చూశాడు. "ఇది నన్ను వదిలేట్టు లేదే," అన్నాడు. వెర్లీన్ చేతులు చాచి అలాగే నిలబడింది.

ఇచ్చాడు. టోపీ సర్దుకుని కారెక్కాడు.

దుమ్ము సద్దుమణిగేదాకా ఆగి వెర్లీన్ గడియ పెట్టింది. పాపను చంకలో బిగించి ఫోను తిప్పింది.

"ఒడెస్సా గారూ, ఉన్నపళంగా కారు తీసుకుని వెనక దారిన వచ్చెయ్యండి. నాక్స్‌విల్ పట్నం వెళ్లిపోదాం. ఎవరికీ చెప్పకండి. ఎవరికీ అంటే ఎవరికీ!"

"ఏమైందే పిల్లా? మూడో పాదం దొరికిందా?"

"దొరికిందండీ."

టేపు మొదటిసారి తిరిగినప్పుడే దొరికింది: కిందటి చలికాలం చర్చి వెనక గదిలో, ఎవరూ లేరనుకుని, అదే పాటను అదే పట్టుతో వాయిస్తూ ఆమె కంటబడిన చెయ్యే ఇందాకటిదాకా ఆమె పాపను జోకొట్టింది.