పిల్లిబొమ్మ చెల్లెలు

"ఆ పూలకుండీ ఫోటో కూడా తీసేయండి అత్తయ్యా."

"పూలకుండీ ఏం చేసిందే? అది కూడా సైన్యంలో చేరిందా?"

"కుండీ వెనక కిటికీ, కిటికీలోంచి ఎదురింటి నెంబరు. ఇల్లు కనుక్కోవడానికి ఇంకేం కావాలి?"

అత్తగారు కళ్ళద్దాల పైనుంచి కోడల్ని చూసి, ఫోన్లో తన పేరు పక్కన పెట్టుకున్న పూలకుండీని తీసేసింది. అంతకుముందు ఆ స్థానంలో కొడుకూ కోడలి పెళ్ళిఫోటో ఉండేది. సైనికుల కుటుంబాలకు పెట్టిన మీటింగు నుంచి వచ్చీ రాగానే కోడలు దాన్ని పీకించింది.

ఆ మీటింగులో వెల్ఫేర్ ఆఫీసరు చెప్పిందంతా కోడలికి కంఠతా. మనవాళ్ళు ఎక్కడున్నారో, ఎప్పుడొస్తారో, ఎప్పుడెళ్తారో ఆన్‌లైన్‌లో ఎవరికీ చెప్పకూడదు. గూఢచారి తుపాకీ పట్టుకుని రాడు, కుశలప్రశ్నలు వేసుకుంటూ వస్తాడు.

అత్తగారిది ఇంకో రకం గోప్యత. మోకాలి ఆపరేషన్ సంగతి కొడుక్కి తెలియకూడదు.

"వాడక్కడ కంటిమీద కునుకు లేకుండా కాపలా కాస్తుంటే, మధ్యలో నా మోకాలి గొడవెందుకు? చెప్పావో, నా మీద ఒట్టే."

కోడలు చెప్పలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా?" అంటే, ఆవిడ గోడ పట్టుకుని నిలబడి "గుర్రంలా ఉన్నానురా" అనేది. "ఊఁ" అని పెట్టేసేవాడు. వాడిది మొదటినుంచీ పొదుపు మాటే.

ఫోటో మారుస్తూంటే కోడలి కంట ఒక పిల్లి పడింది. పిల్లిబొమ్మ పెట్టుకున్న ఎవరో, బారెడు కబుర్లు.

"ఎవరత్తయ్యా ఈ పిల్లి?"

"నా చెల్లెలు."

"మీకు చెల్లెళ్ళు లేరుగా!"

"మోకాళ్ళ నొప్పుల గ్రూపులో కలిసింది. బంగారం లాంటి మనిషి. బీపీ మాత్ర వేసుకున్నావా అక్కయ్యా అని అడుగుతుంది. ఈ ఇంట్లో ఒక్కరైనా అడిగారా?"

"రోజూ చేతిలో పెట్టేది నేనేగా!"

"పెట్టడం వేరు, అడగడం వేరు."

కోడలు కుర్చీ లాక్కుని మొదట్నించీ చదివింది. పిల్లి ఉప్పు తగ్గించమంది. మెట్లెక్కొద్దంది. కోడలు ఎలా చూస్తుందని అడిగింది. "జైలర్ నయం" అని అత్తగారి జవాబు. "ఆవిడ చెప్పింది వినక్కయ్యా, మంచికే చెబుతుంది" అని పిల్లి జవాబు. కోడలు అక్కడ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మనసు గట్టి చేసుకుని కిందికి జరిపింది.

ఆపరేషన్ ఎప్పుడు? ఏ ఆసుపత్రి? ఎన్నో అంతస్తు?

అన్నిటికీ అత్తగారు విడమరిచి జవాబిచ్చింది, లిఫ్ట్ ఎటువైపుందో సహా.

కోడలు కుర్చీలోంచి లేచింది. "ఎంత పని చేశారు! తల్లికి ఆపరేషనంటే కొడుకు రాడా? ఏ రోజు ఏ గదికి వస్తాడో పళ్ళెంలో పెట్టి ఇచ్చారు!"

"వాడికి తెలిస్తేగా రావడానికి?"

"తెలీదని వీళ్ళకేం తెలుసు? అసలు ఇది ఎప్పుడూ ఆదివారమే ఎందుకు వస్తుంది? ఆయన ఫోన్ పెట్టేసిన కాసేపటికే! మన ఫోన్లు వింటున్నారత్తయ్యా."

అత్తగారు ఫోన్ వైపు అదోలా చూసింది. "కానీ వాడెక్కడున్నాడని అది ఒక్కసారి కూడా అడగలేదే!"

"అదే అసలు అనుమానం! సైనికుడి తల్లితో ఇంతసేపు మాట్లాడి, కొడుకెక్కడని అడగనివాళ్ళు ఎవరైనా ఉంటారా? బాగా ఆరితేరినవాళ్ళు."

"నా చెల్లెల్ని పట్టిస్తావటే?"

"మీకు మీ అబ్బాయి ప్రాణం ముఖ్యమా, ఈ పిల్లా?"

అత్తగారు ఫోన్ కోడలి చేతిలో పెట్టి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కోడలు పిల్లిని బ్లాక్ చేసి, కబుర్లన్నీ వెల్ఫేర్ ఆఫీసరుకి పంపింది.

ఆపరేషన్‌కి ముందురోజు అత్తగారు ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"మాత్ర వేసుకున్నారా అత్తయ్యా?" అంది కోడలు, ఈసారి గుర్తుపెట్టుకుని.

"నువ్వడిగితే అడిగినట్టు లేదు. పంతులమ్మ హాజరు తీసుకున్నట్టుంది."

ఫోన్ మోగింది. వెల్ఫేర్ ఆఫీసరు. కోడలు గబగబా వరండాలోకి వెళ్ళింది.

"దొరికాడమ్మా."

"దొరికాడా! ఆడమనిషి కాదా?"

"కాదు. ఒప్పుకున్నాడు. వాళ్ళమ్మ ఏదడిగినా నిజం చెప్పదట, అందుకని పరాయిమనిషిలా అడిగాడట."

"వాళ్ళమ్మ మాట దేనికండీ ఇప్పుడు? పిట్టకథలు. నమ్మేశారా?"

"మా పై ఆఫీసరు నమ్మారమ్మా. కబుర్లన్నీ చదివి కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, వాణ్ణి వెంటనే అక్కడికి తోలెయ్యమన్నారు. రేపు ఆపరేషన్ టైముకి మీ దగ్గరుంటాడు. మీ అత్తగారికి క్షమాపణ చెప్పుకుంటాడు."

"ఇక్కడికా! ఎవరొస్తున్నారో, ఎప్పుడొస్తున్నారో ఫోన్లో చెప్పకూడదని మీరేగా అన్నారు?"

"అన్నానమ్మా. అందుకే పేరు చెప్పడం లేదు."

"పేరు లేకుండా నేనెలా గుర్తుపట్టనండీ? మొహమైనా చూడలేదే!"

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"మీ పెళ్ళిఫోటోలో మీ పక్కనే ఉన్నాడమ్మా."