తెగిన పైపు

తిరుమలగిరి మార్కెట్ షెడ్డులో ఆ రాత్రి వడ్ల కుప్పల పక్కన ముప్పై మంది రైతులు పడుకున్నారు. సాయంత్రం గాలిదుమారానికి కప్పు ఊగిందని కబురు అందితే, చూడటానికి ఇంజనీరు యాస్మిన్ వచ్చింది.

ఆ కప్పును మోసేది అన్ని వైపులా అల్లుకున్న ఇనుప పైపుల చట్రం. వాచ్‌మన్ కురుమయ్య నిచ్చెన పట్టుకుంటే ఎక్కి టార్చి వేసింది. నడిమి పైపు తెగి జానెడు ఖాళీ ఉంది. దిగొచ్చి, ల్యాప్‌టాప్‌లో ఆ పైపును తీసేసి లెక్క చూసింది. అది మోసే బరువంతా పక్క పైపుల మీద పడాలి. అవి ఈపాటికి వంగిపోవాలి. ఒక్కటీ వంగలేదు.

మళ్లీ ఎక్కి సుత్తితో తట్టింది. బరువుకు బిగిసిన పైపు ఖంగుమంటుంది, బరువు లేనిది మొద్దుగా పలుకుతుంది.

తెగిన పైపు ఖంగుమంది.

చెయ్యి వేసి చూసింది. బరువెత్తినవాడి భుజంలా సన్నగా వణుకుతోంది.

"ఏమైంది మేడం?" అన్నాడు కింద నుంచి కురుమయ్య.

"కాకా, జల్ది అందర్ని లేపు. బయటికి తోల్కపో."

"మరి నా వడ్లు?" అంది ముసలి బిక్షమ్మ లేస్తూ.

"ముందుగాల నువ్వు నడు అవ్వా."

అందరి వెనకాల బిక్షమ్మ షెడ్డు దాటింది. యాస్మిన్ కూడా దిగి బయటికొచ్చి, కప్పు కింది చీకట్లోకి తలెత్తింది. ఎవరితో చెబుతోందో ఆమెకే తెలియదు.

"అందరు బయటికొచ్చిన్రు."

లోపల ఎవరో ఊపిరి వదిలినట్టు చప్పుడైంది. కప్పు మెల్లగా, గింజ చెదరనంత మెల్లగా, వడ్ల మీదికి దిగసాగింది.