అవతలి చివర జెండా

కాంట్రాక్టరుగారూ, మా బావను చంపింది లారీ కాదు, మీరు పెట్టించని లైటు. రోడ్డుపని అవతలి చివర జెండా పట్టిన ఆయన పోయాక అక్కడ మరో మనిషినే పెట్టలేదు. ఇవతల నేనొక్కదాన్నే.

రోడ్డులో తెరిచి ఉన్నది ఒకే వరుస. ఇటునుంచి వదిలిన ఆఖరి బండికి ఎర్రజెండా ఇచ్చి పంపుతాం. అది అందాకే అవతలివాళ్ళు ఎదురుబళ్ళు వదలాలి.

నిన్న రాత్రి అలవాటుకొద్దీ జెండా ఇచ్చేశాను. అటు ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఎదురుగా ఒక వ్యాను మెల్లగా వచ్చింది. డ్రైవరు అదే జెండా నా చేతికిచ్చాడు.

"ఎవరిచ్చారన్నా?"

"చీకట్లో నిలబడ్డాయన. మరదలికి ఇమ్మన్నాడు. లైటును కాంట్రాక్టరు తన పెళ్ళికి దాచుకున్నాడా అని అడగమన్నాడమ్మా."

అది బావ రోజూ వేసే జోకు.

ఈ రాత్రికే అక్కడ లైటు పెట్టండి. బతికున్న మనిషిని పెట్టండి. మా బావను డ్యూటీ దిగనివ్వండి.