కండెన్సర్ గోత్రం

యంత్రంలోని ప్రతి విడిభాగానికీ పుట్టుక పత్రం ఉండాలన్నారు. లేనిదాన్ని పీకి కరిగింపుకు పంపేస్తారు. గడువు చివరి రోజున మా వెట్ గ్రైండర్‌ను ఆటోలో వేసుకుని వార్డు ఆఫీసుకు వెళ్లాను.

కౌంటర్లో నా పాత విద్యార్థిని రమీజా ఉంది.

“ఆలస్యంగా వచ్చినవాళ్లను మీరు గుమ్మం బయట నిలబెట్టేవారు మాస్టారూ.”

“నిలబడమంటావా?”

నవ్వి, గ్రైండర్ అడుగున స్కానర్ పెట్టింది. “రాగి చిలీది, బేరింగు జపాన్‌ది. మంచి వంశమే. ఈ కండెన్సర్‌కే గోత్రం తెలియడం లేదు.”

“మా ఆవిడ సంతలో కొని తనే బిగించింది.”

“బిల్లు?”

“బిల్లడిగితే బేరం చెడుతుందనేది.”

“అయితే దత్తత ఫారం నింపాలి. అమ్మగారిని రమ్మనండి.”

“మాఘంలో పోయింది రమీజా.”

ఆమె స్కానర్ పక్కన పెట్టింది. తర్వాత ఫారం నా ముందుకు జరిపింది. “తండ్రి పేరు, తల్లి పేరు రాయండి. చాలు.”

బళ్లో చేరే పిల్లలకు ముప్పై ఏళ్లు ఆ రెండు గడులు నింపాను. మాకు పిల్లలు లేరు. తల్లి పేరు దగ్గర కామేశ్వరి అని రాశాను.

రమీజా చదివి, ముద్ర వేసింది.

“బారసాలకు పిలవండి మాస్టారూ,” అంది.