తడి తలుపు

పొద్దున్నే మేడమెట్లు ఎక్కి వచ్చిన వీరరాఘవమ్మ, అద్దె వాటా తలుపు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యయ్యో, ఇదేం రంగే సరోజా! పైనుంచి కిందదాకా కారిపోయింది. పెయింటర్ పెళ్ళానివి, ఇదా నీ పనితనం?"

నిజమే మరి. ఆకుపచ్చ రంగు ధారలు కట్టి గడప మీదికి దిగుతోంది. సరోజ గుమ్మం బయటే చతికిలబడి గుడ్డతో తుడుస్తోంది.

"దసరా నుంచీ వేయమంటున్నారు కదండీ పిన్నిగారూ. సరిచేసేస్తానండీ."

"నీవల్ల కాదుగానీ, మీ ఆయన్ని లేపు. తాతాజీ చెయ్యి పడితే చార కూడా కనపడదు."

"రాత్రంతా ఒకటే దగ్గండీ. పడుకున్నారు."

వీరరాఘవమ్మ తలుపు తోయబోయింది.

"తడండీ! చీరకి అంటుకుంటుంది!"

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఈ ఇల్లుగలావిడ సంగతి వట్లూరులో ఎవర్నడిగినా చెబుతారు. గోడకి మేకు కొడితేనే ఊరుకోదు. ఏ చిన్న వంక దొరికినా సామాను వీధిలో పెట్టిస్తుంది. ఇవాళ మాత్రం అలా జరక్కూడదు. బెంగళూరు నుంచి సరోజ కూతురు ఐశ్వర్య బయల్దేరింది. అది వచ్చేదాకా ఈ వాటా ఉంటే చాలు. ఆ తర్వాత ఎక్కడ పడుంటే ఏం, సరోజకి ఇంక ఏ ఆశా లేదు.

మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ వచ్చింది.

"మళ్ళీ కార్చావూ! ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, పల్చగా ఒక పూత వేయాలే. నాకే తెలుసు, నీకు తెలీదా?"

"తెలుసండీ."

అంటూనే సరోజ బ్రష్‌ని డబ్బాలో నిండా ముంచింది. దానికి తోడు కొల్లేటి మీంచి చెమ్మగాలి. రంగు ఇంకేం ఆరుతుంది?

"సాయంత్రానికి నున్నగా లేకపోయిందో, ఖాళీ చెయ్యడమే."

"అలాగేనండీ."

సరోజ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. టర్పెంటైన్ ఘాటు కాబోలు అనుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆవిడ దిగిపోయింది.

దీపాలు పెట్టే వేళకి ఐశ్వర్య బ్యాగుతో మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. సరోజ బ్రష్ కింద పడేసి, రెండు అరచేతులతో ఆ తడి తలుపుని తోసింది.

తెల్లవారుజామునే పోయిన తాతాజీ, అద్దె ఇంట్లో శవం ఉండకూడదని వీధిలోకి దింపించే ఆవిడ కంట పడకుండా, కూతురి కోసం తన మంచం మీదే ఉన్నాడు.